ఎకరాకు ఎంత? సరే, ఎవరి పేరున?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సోలార్ పార్కుల గురించి మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను. రాయలసీమ పల్లెల్లో ఆడవాళ్ల భూమి కాగితాలు పట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా తహశీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని. ఆ తిరుగుడులో నేర్చుకున్నదీ, ఒకచోట మా సంఘం చేసిన పొరపాటూ మీ ముందు పెడదామని వచ్చాను. ఆ పొరపాటు మీ ఊళ్లలో జరగకూడదన్నదే నా ఆశ.

ముందుగా ఒక మాట. నేను సూర్యుడి కరెంటుకు వ్యతిరేకిని కాను. బొగ్గు తవ్వితే ఏ ఊళ్లు పోతాయో, థర్మల్ స్టేషన్ బూడిద ఎవరి ఇళ్ల మీద పడుతుందో మనకు తెలుసు. ఎండలు ముదిరి, వానలు అదను తప్పి, మొదట దెబ్బతినేది మెట్టపొలాల్లో కూలికి పోయే ఆడవాళ్లే. కాబట్టి పొగ లేని కరెంటు రావలసిందే. అయితే పొగ లేనంత మాత్రాన అందులో అన్యాయం ఉండదనుకుంటే పొరపాటు. భూమి మీద కట్టే ఏ ప్రాజెక్టయినా ఆ భూమి ఎవరిదన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. మన దేశంలో ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చేది ఎక్కువగా మగవాడి పేరే. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో కమతాలు నడిపేవాళ్లలో స్త్రీలు దాదాపు 14 శాతం మాత్రమే. పొలంలో వంగి పనిచేసేవాళ్లను లెక్కపెడితే ఈ అంకె ఎంత వింతగా కనిపిస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

పార్కు అంటే ఏమిటి?

కర్నూలు దగ్గరి పార్కునే తీసుకుందాం. ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని గ్రామాల పరిధిలో 5,932 ఎకరాల్లో, 1000 మెగావాట్ల సామర్థ్యంతో కట్టారు. 2017లో పూర్తయింది. ఆనాటికి ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకున్నారు. అందులో 40 లక్షలకు పైగా పలకలున్నాయి. అనంతపురం వైపు నంబులపూలకుంట మండలంలో 1500 మెగావాట్లకు ఇంకొకటి తలపెట్టి, 2016 నుంచి దశలవారీగా నడుపుతున్నారు. ఇవన్నీ 2014 డిసెంబరులో కేంద్రం తెచ్చిన సోలార్ పార్కుల పథకం కింద వచ్చినవే.

పద్ధతి ఇది. ప్రభుత్వ సంస్థ ఒకటి భూమిని ఒకచోట చేరుస్తుంది. రోడ్లు వేస్తుంది, సబ్‌స్టేషన్లు కడుతుంది. తర్వాత ఆ భూమిని ముక్కలుగా కంపెనీలకు ఇస్తుంది. కంపెనీ పలకలు పెట్టి, పాతికేళ్ల ఒప్పందం మీద కరెంటు అమ్ముకుంటుంది. ఆ కరెంటు పెద్ద లైన్లెక్కి గ్రిడ్డులోకి పోతుంది. పార్కు పక్క ఊరికి దాన్నుంచి ప్రత్యేకంగా ఒక తీగ లాగరు. "మా పొలంలో పుట్టిన కరెంటు మా ఇంట్లో పోతాది, బెంగుళూరులో వెలుగుతాది" అని ఒకామె నాతో నవ్వుతూ అన్నది. గ్రిడ్డు లెక్క ఆమె అన్నంత సూటిగా ఉండదు గానీ, ఆమె బాధ మాత్రం సూటిగానే ఉంది.

ఇక కర్నూలు లెక్కన చూస్తే ఒక్క మెగావాటుకు దాదాపు ఆరు ఎకరాలు. ఇంత భూమి ఒకచోట, చదునుగా, చవకగా, ఎండ బాగా కాసేచోట కావాలి. అందుకే కన్ను మెట్ట సీమ మీద పడుతుంది. ఆ భూమికి వాళ్లు పెట్టిన పేరు 'పనికిరాని భూమి'.

ఎవరికి పనికిరానిది?

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. రెవెన్యూ రికార్డులో బీడు అని రాసిన నేల మీదికి ఒక రోజు పొద్దున్నే వెళ్లి కూర్చోండి. గొర్రెలు, మేకలు వస్తాయి. వాటి వెనక ఒక ముసలమ్మో, బడి మానిన ఆడపిల్లో ఉంటుంది. కంప కొట్టుకుని మోపు కట్టుకునేవాళ్లు వస్తారు. వానలు పడితే గురుగాకు, చెంచలాకు గిల్లుకుని ఒడిలో వేసుకుంటారు. సీతాఫలాల కాలంలో గుట్టల మీద గంపలు నిండుతాయి. పక్క చేలల్లో కంది, ఆముదం, చెనిక్కాయ కోతలయ్యాక పరిగె ఏరుకుంటారు. ఇదేదీ ఏ అడంగల్‌లోనూ ఉండదు. దీనికి కూలి రేటు లేదు, రసీదు లేదు. కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికీ, కూర వండడానికీ, పిల్లకు జ్వరమొస్తే ఒక మేకను అమ్మడానికీ ఇదే ఆధారం. మగవాడు బెంగుళూరుకు వలసపోతే ఊళ్లో మిగిలిన ఆడది బతికేది ఈ 'పనికిరాని' నేల మీదే.

కంచె వేసిన రోజున ఇదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. నష్టపరిహారం పట్టికలో ఈ గడి ఎక్కడా లేదు. కంచె చుట్టూ తిరిగి పోవాలంటే దూరం పెరుగుతుంది. మేతకు, కంపకు నడిచే ఆ అదనపు దూరం ఆడవాళ్ల కాళ్లే నడుస్తాయి.

మేము చేసిన పొరపాటు

ఇప్పుడు మా ఊరి సంగతి. మా ఊరంటే నేను పనిచేసిన ఊరు; పేరు చెప్పను, ఎందుకంటే అక్కడి ఆడవాళ్లు ఇంకా ఆ ఇళ్లలోనే బతకాలి. ఒక ఏడాది వేసవిలో సర్వేయర్లు వచ్చారు. గొలుసులు, జెండాలు, జీపులు. సోలార్ వస్తుందన్నారు. సగం భూములు డి.కె.టి. పట్టాలు, కొంత సొంత పట్టా, కొంత ఏ కాగితమూ లేని శివాయి జమా సాగు.

మా సంఘం కదిలింది. గ్రామసభ పెట్టించాం. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి ధర్నా చేశాం. అధికారులు చెప్పిన రేటు చాలదన్నాం. పట్టా భూమికి ఇచ్చిన రేటే డి.కె.టి. భూమికీ ఇవ్వాలన్నాం. ఈ డిమాండుకు న్యాయం మా వైపు ఉంది. అసైన్డ్ భూమిని ప్రజా అవసరానికి వెనక్కి తీసుకుంటే సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని కూర్చున్నాం. కొన్ని నెలలకు రేటు పెరిగింది. పండగ చేసుకున్నాం. ఆ రోజు నేనే మైకు పట్టుకుని గెలిచామని చెప్పాను.

మేము అడిగింది 'ఎకరాకు ఎంత?' అని. 'ఎవరి పేరున?' అని అడగలేదు.

చెక్కులు వచ్చాక ఒక సాయంత్రం ఒకామె నా దగ్గరికి వచ్చింది. భర్త చనిపోయి పన్నెండేళ్లు. మామ పేరున్న మూడెకరాల డి.కె.టి. భూమిని ఈమే దున్నించి, విత్తి, కలుపు తీసి పిల్లల్ని సాకింది. మామ కూడా పోయి చాలా కాలమైంది. విరాసత్ ఎవరూ చేయించలేదు. పరిహారం వస్తుందనగానే ఇద్దరు బావగార్లు పట్నం నుంచి వచ్చారు. వారసుల సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. అందులో ఈమె పేరు లేదు. "అక్కా, అందరితో పాటు నేనూ ఎండలో కూసుంటి గదా. రేటు పెంచితిరి. పెంచిన లెక్క మా బావగార్లకు పోయె. నేను యాడికి పోదును?" అన్నది.

చనిపోయిన కొడుకు భార్యకు మామ ఆస్తిలో వారసత్వ హక్కుందని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. ఎన్నో శిక్షణ శిబిరాల్లో చెప్పాను. కానీ సర్వే జరుగుతున్న రోజుల్లో ఆమె ఇంటికి వెళ్లి, "అమ్మా, నీ భూమి ఎవరి పేరున ఉంది?" అని అడగలేదు. చెక్కు ఇచ్చాక కోర్టుకు పోవడమంటే ఏమిటో మీకు తెలుసు. ఆమె పోలేదు. పక్క పట్నంలో ఇళ్లల్లో పనికి కుదిరింది.

అదే ఊళ్లో ఇంకొకామె. రెండెకరాల పట్టా ఆమె పేరుతోనే ఉంది, బ్యాంకు ఖాతా కూడా ఆమెదే. వచ్చిన డబ్బులో కుదువ పెట్టిన బంగారం విడిపించుకుంది, కూతుర్ని నర్సింగులో చేర్పించింది, మిగిలింది డిపాజిట్ చేసింది. ఆ ఇంట్లో భర్త మంచివాడని కాదు. కాగితం ఆమె చేతిలో ఉంది, అంతే తేడా. ఒకే ప్రాజెక్టు, ఒకే రేటు, ఒకే రోజు చెక్కులు. ఒకరు నిలబడ్డారు, ఒకరు ఊరు వదిలారు.

మూడో మనిషి గురించి కూడా చెప్పాలి. ఆమెకు భూమి లేదు. పది పన్నెండు మేకలు, కూలి. ఆమెతో చెక్కు మాటే ఎవరూ ఎత్తలేదు. "పొలముంటే గదక్కా కూలి. పొలమే పోయె, కూలి యాడిది?" అన్నది. మేకలు అమ్మేసింది. మా ధర్నాలో ముందు వరసలో కూర్చున్నది ఈమే.

లీజు మంచిదేనా?

అమ్మకం వద్దు, లీజు అయితే మంచిదని ఇప్పుడు చాలామంది అంటున్నారు. దీనికి ఉదాహరణగా పావగడను చూపిస్తారు. పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లాలో ఉన్నా, దాదాపు చుట్టూ మన అనంతపురం సీమే. ఇళ్లలో తెలుగు వినిపించే తాలూకా. ఎప్పుడూ కరువు. అక్కడ తిరుమణి, వల్లూరు మొదలైన అయిదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల పార్కు కట్టారు. 2018లో మొదటి దశ ప్రారంభమైంది, 2019 చివరికి పూర్తయింది. భూమిని కొనలేదు. రైతు పేరు రైతుకే ఉంచి, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున లీజుకు తీసుకున్నారు. రెండేళ్లకోసారి 5 శాతం పెంపు.

ఇది అమ్మకం కంటే మేలని నేనూ ఒప్పుకుంటాను. భూమి పేరు పోదు. చెక్కు ఒక్కసారిగా వచ్చి ఒక్కసారిగా ఖర్చయిపోదు. వానల మీద ఆధారపడి అప్పులపాలైన రైతుకు ఏటా ఖాయంగా డబ్బు వస్తే అది చిన్న విషయం కాదు. కానీ లెక్క వేయండి. పదెకరాలున్న ఇంటికి ఏడాదికి 2,10,000. రెండెకరాలున్న ఇంటికి 42,000, అంటే నెలకు 3,500. భూమి లేని ఇంటికి సున్నా. 5 శాతం పెంపంటే రెండేళ్ల తర్వాత 21,000 కాస్తా 22,050 అవుతుంది. ఆ రెండేళ్లలో బియ్యం, నూనె ఎంత పెరిగాయో ఇల్లు నడిపేవాళ్లను అడగండి. ఇక ఆ లీజు ఎవరి ఖాతాలో పడుతుంది? మళ్లీ పాస్‌బుక్కులో పేరున్నవాడి ఖాతాలోనే. పొలం ఉన్నప్పుడు ఆ ఇంటి ఆడది కనీసం గింజల గరిసె దగ్గర నిలబడి మాట చెప్పగలిగేది. ఇప్పుడు పంట లేదు, గింజ లేదు, మాట కూడా లేదు. పని పోవడమంటే కూలి ఒక్కటే పోవడం కాదు, ఇంట్లో ఆమె మాటకున్న బరువు కూడా పోవడం.

మన రాష్ట్రంలోనూ ఇటీవల లీజు మాటే ఎక్కువగా వినిపిస్తోంది. అందుకే ఈ లెక్క ఇప్పుడే వేసుకోవాలి.

ఉద్యోగాలు, నీళ్లు

ఉద్యోగాలొస్తాయని చెబుతారు. కట్టేటప్పుడు వస్తాయి, అది నిజం. గుంతలు తవ్వడానికి, ఇనప స్తంభాలు పాతడానికి, పలకలు మోయడానికి ఏడాదో, ఏడాదిన్నరో వందలమంది కావాలి. కట్టడం అయిపోయాక పార్కు నడపడానికి కావలసింది కొద్దిమందే. అందులో చదువుకున్న పని బయటి నుంచి వచ్చిన టెక్నీషియన్లది. కాపలా పని మగవాళ్లది. ఆడవాళ్లకు మిగిలేది పలకల కింద గడ్డి కోయడం, పలకలు తుడవడం. అదీ కాంట్రాక్టరు దయ. నిన్నటిదాకా తన చేలో కలుపు తీసిన ఆడది ఈ రోజు అదే నేల మీద గేటు పాసు చూపించి గడ్డి కోస్తోంది.

తుడవడానికి నీళ్లు కావాలి. కర్నూలు పార్కులో 40 లక్షల పలకలకు, ఒక్కోదానికి ఒక్క లీటరు చొప్పున వేసుకున్నా, ఒక్కసారి తుడవడానికి 40 లక్షల లీటర్లు. కరువు సీమలో ఆ నీళ్లు ఎక్కడివని అడిగే హక్కు గ్రామసభకు ఉండాలి. ఇప్పుడు కొన్నిచోట్ల నీళ్లు లేకుండా యంత్రాలతో తుడుస్తున్నారు. అప్పుడు నీళ్లు మిగులుతాయి, మన ఆడవాళ్ల కూలి పోతుంది. ఏదో ఒకటి మనమే వదులుకోవలసిన పరిస్థితి ఎందుకు రావాలన్నదే నా ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది?

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 'బాధిత కుటుంబం' అంటే భూమి ఉన్నవాడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడిన వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, కోరుకు చేసేవాళ్లు, చేతివృత్తులవాళ్లు కూడా ఉన్నారు. వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబంగా లెక్కకొస్తారు. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం ఎంతో అంచనా వేయాలి, గ్రామసభను సంప్రదించాలి. మా ఊళ్లోని మొదటామె, మూడో ఆమె ఇద్దరూ ఈ చట్టం కంటికి కనిపిస్తారు.

కానీ ఈ చట్టం తలుపు తట్టకుండా పక్కనుంచి పోయే దారులున్నాయి. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే అది సేకరణ కాదంటారు. రైతు ఒప్పుకుని ఇచ్చాడంటారు. లీజు తీసుకుంటే అసలు ఈ చట్టమే వర్తించదంటారు. పైగా సోలార్ పలకల ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి అవసరం లేకుండా మినహాయింపు ఇచ్చారు. థర్మల్ స్టేషనయితే బహిరంగ విచారణ ఉంటుంది, టెంటు వేస్తారు, కలెక్టరు వస్తాడు, మనం మైకు లాక్కునయినా మాట్లాడతాం. ఇక్కడ ఆ టెంటు కూడా లేదు. ప్రాజెక్టు మంచిది కాబట్టి ఎవర్నీ అడగనక్కర్లేదన్న ధోరణి ఇది.

మనం చేయవలసింది

నేను నేర్చుకున్న కొన్ని పనులు చెబుతాను. ఇవన్నీ సర్వేయరు రాకముందే చేయాలి, వచ్చాక ఆలస్యమవుతుంది.

మొదటిది, మీ ఊరి అడంగల్, 1బి తెచ్చి సంఘం సమావేశంలో చదవండి. ప్రతి సర్వే నంబరుకూ పక్కన ఇంకో గడి గీయండి: అసలు సాగు చేస్తున్నది ఎవరు? చనిపోయినవాళ్ల పేర్లున్నచోట విరాసత్‌కు అర్జీలు పెట్టించండి. వితంతువుల పేర్లు, ఆడపిల్లల పేర్లు అందులో చేర్చండి. కూతురికి వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతో, దేశమంతటా 2005 సవరణతో వచ్చింది. కాగితం మీదికి తేవడం మాత్రం మన పనే.

రెండోది, శివాయి జమా సాగు చేస్తున్న స్త్రీల దగ్గర ఏ కాగితమున్నా, పాత బి-మెమో రసీదయినా సరే, జాగ్రత్త చేయించండి. లేనివాళ్ల సాగును పంచాయితీ తీర్మానంలో రాయించండి.

మూడోది, బీడు మీద బతికేవాళ్ల జాబితా రాయండి. ఎన్ని గొర్రెలు, ఎన్ని మేకలు, కంప ఎక్కడిది, దారి ఎటు. గ్రామసభలో చదివి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. రాయని బతుకు లెక్కలోకి రాదు.

నాలుగోది, లీజయినా, పరిహారమయినా భార్యాభర్తల ఉమ్మడి పేరున, ఉమ్మడి ఖాతాలో అని పట్టుపట్టండి. భూమి లేని కూలి కుటుంబాలకు ఏటా కొంత మొత్తం ఇవ్వాలనీ, మేతకూ దారికీ కంచెలో గవినులు వదలాలనీ, గడ్డి కోసే పని స్త్రీల సంఘాలకే నేరుగా ఇవ్వాలనీ ఒప్పందంలో రాయించండి. నోటిమాట వద్దు.

అయిదోది, కొంచెం పెద్ద ఆశ. పలకలు కంపెనీవే ఎందుకు కావాలి? ఓర్వకల్లు మండలంలోనే 1990లలో మన ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టి, మండల సమాఖ్య కట్టి, లక్షలు తిప్పారు. అప్పుడు ఆడవాళ్లకు లెక్కలు రావన్నారు. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో రైతుల భూమి మీద 2 మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లకు వీలు కల్పించారు. తెలంగాణలో మహిళా సంఘాల చేత 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని 2024లో ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటనకూ అమలుకూ మధ్య దూరం మనకు తెలుసు. అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, కరెంటు రేటు ఎంత, నిర్ణయం సంఘానిదా అధికారిదా అని జాగ్రత్తగా చూడాలి. అయినా ఆ తలుపు తెరుచుకుందంటే మనం లోపలికి వెళ్లి కూర్చోవాలి.

ముగిస్తాను. ఆ రోజు నేను గెలిచామని చెప్పిన మైకు సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. రేటు పెంచడం గెలుపే, కాదనను. కానీ అది సగం మందికి గెలుపు. మీరు ఇక్కడి నుంచి వెళ్లాక ఏ ఊళ్లో సోలార్ మాట వినిపించినా, ఎకరాకు ఎంత అని అడిగే ముందు ఆ ఇంట్లో ఆడమనిషి పేరు ఏ కాగితంలో ఉందో చూడండి. లేకపోతే ముందు ఆ పేరు రాయించండి. రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.